రసాల తోటలో ‘స్టార్ట్... కెమేరా!’

నూజివీడు స్టేషన్లో రైలు దిగితే నూజివీడు రాదు! కొత్తవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పాలి. స్టేషనుండేది విజయవాడ-ఏలూరు లైన్లో, హనుమాన్ జంక్షన్ దగ్గర. అక్కణ్ణుంచి ఊరు ఇంకో ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు విజయవాడలోనే దిగి, ఆగిరిపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కుతారు. కాసేపటికి పచ్చటి గొడుగులు బారులు తీరినట్టు రోడ్డుకి అటూ ఇటూ మామిడి తోటలు మొదలవుతాయి. మే నెలలో కిటికీ పక్క సీటు దొరికిందా, టిక్కెట్టు డబ్బులు వాసనకే గిట్టుబాటయిపోతాయి.

ఈ ఊరు 2022 ఏప్రిల్లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. కాయలు మాత్రం ఏ జిల్లాలో ఉన్నా నూజివీడు రసాలే! బంగినపల్లి కోసుకుని తినే కాయ. రసం అలా కాదు. బాగా పిసికి, ముచ్చిక దగ్గర చిన్న గాటు పెట్టి, మోచేతి దాకా కారుతుంటే జుర్రుకోవాలి. చిన్నరసం గొప్పదా, పెద్దరసం గొప్పదా అని ఇక్కడ అన్నదమ్ములు కూడా పోట్లాడుకుంటారు. నా ఓటు చిన్నరసానికే!

ఇంతకీ నేను వెళ్లింది కాయలకి కాదు, షూటింగుకి. అయితే హీరో, హీరోయిన్, కారవాన్ ఇలాంటివేమీ ఊహించుకోకండి. మా మేనకోడలు హైదరాబాదులో సినిమా కోర్సు చదువుతోంది. చివరి సంవత్సరం ఓ ఇరవై నిమిషాల చిత్రం తీసి చూపించాలి. దాని బడ్జెట్టు అక్షరాలా నలభై రెండు వేలు. మన పెద్ద సినిమాల్లో అది ఒక పూట కాఫీలకైనా సరిపోతుందో లేదో! లొకేషను వాళ్ల తాతగారి తోట. ఆర్టిస్టులు ఇంట్లోవాళ్లు. యూనిట్ అంతా కలిపి నలుగురు విద్యార్థులు. మిగతా పనులన్నీ చుట్టాలవే.

ఇంట్లోవాళ్లతో సినిమా ఏమిటని నవ్వకండి. బాపుగారి మొదటి చిత్రం ‘సాక్షి’ని (1967) స్టూడియో సెట్టింగుల్లో కాకుండా గోదావరి పక్క పులిదిండి అనే పల్లెలో తీశారు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో వేసినవాళ్లు చాలామంది విశాఖలో ఆ పేటవాళ్లే. అంత దూరం దేనికి, ఇవాళ ప్రపంచమంతా పేరు మోగిపోతున్న క్రిస్టఫర్ నోలన్ మొదటి చిత్రం ‘ఫాలోయింగ్’ (1998) తీసిందెలాగ? స్నేహితులంతా ఉద్యోగాలు చేసుకుంటుంటే వారాంతాల్లో, దొరికిన వెలుతురులో తీశాడు. అందులో పోలీసు వేషం ఆయన బాబాయి జాన్ నోలన్‌ది! ఈ ముక్క చెప్పగానే మా అక్క మరిది ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నాకు వరసకి చిన్నబావ, డైరెక్టరమ్మకి సొంత బాబాయి.

ఆయనే మా ప్రొడక్షన్ మేనేజరు, ట్రాలీ ఆపరేటరు కూడా. కెమేరా కదిలే షాటు కావాలంటే ముందు ట్రాక్టరు తెచ్చాడు. దాని కుదుపుకి బొమ్మ కాదు, కెమేరా కుర్రాడి పళ్లే ఊడేలా ఉన్నాయి! చివరికి తన టి.వి.ఎస్. మోపెడ్ ఇంజను ఆపేసి, కుర్రాణ్ణి వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, కంకర రోడ్డు మీద తనే తోశాడు. మూడో టేకుకి షాటు వెన్నలా వచ్చింది.

అత్తయ్యగారిది (మేనకోడలి నాయనమ్మ) భోజనాల శాఖ. తెల్లవారుజామున నాలుగింటికే ఇడ్లీలు దించేసేవారు. ఎందుకంటే మే నెలలో ఈ తోటల్లో షూటింగు టైము రెండే రెండు ముక్కలు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యలో ఎండ నడినెత్తికి వస్తే, ఆకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా మొహాల మీద పడి మనిషి చిరుతపులిలా కనిపిస్తాడు. పోనీ బాగా లోపలికి వెళ్దామంటే మామిడి గుబురు కింద పట్టపగలే మసక. దానికి విరుగుడు అత్తయ్యగారి తెల్ల దుప్పటే. నాలుగు మూలలా తాళ్లతో కొమ్మలకి కట్టేస్తే కింద పడే ఎండ మెత్తబడింది. పక్కన ఓ థర్మోకోల్ అట్ట పట్టుకుంటే మొహం మీదికి వెలుగొచ్చింది. ఆ అట్ట పట్టుకున్న అసిస్టెంటు మా అక్కే! కూతురు ‘అమ్మా, కదలొద్దు’ అని కసిరితే కిక్కురుమనకుండా నిలబడింది. ఇంట్లో నేనెప్పుడూ చూడని దృశ్యం అది.

సౌండు సంగతి వేరే చెప్పాలి. తర్వాత డబ్బింగ్ చెప్పించే స్తోమత లేదు, అక్కడ పట్టిందే మాట. టేకు మొదలవగానే పక్క పొలంలో మోటారు గుర్రుమనేది. చిన్నబావ పరుగెత్తి ఆపించి వచ్చేలోగా కోయిల అందుకునేది. కోయిల కూత మనకి పాటల్లో బావుంటుంది గానీ, మాటల మధ్యలో పడితే ఎడిటింగులో ప్రాణం తీస్తుందట. ఒక షాట్లో కూసి ఇంకో షాట్లో ఆగిపోతే అతుకు తెలిసిపోదూ!

అన్నిటికంటే పెద్ద చిక్కు కాయలు. చెట్టు మనదే అయినా కాయ మనది కాదు! ఇక్కడ చాలామంది రైతులు పూత మీదో పిందె మీదో తోట పంటని వ్యాపారికి అమ్మేస్తారు. ఆ తర్వాత కాపలా ఆయనదే, కోత ఆయనదే. విజయవాడ పక్కన నున్న మార్కెట్‌కి లారీ కట్టేదీ ఆయనే. మంగళవారం కోత అన్నారు. మేం దిగింది శనివారం. అంటే కాయలు కనబడాల్సిన సీన్లన్నీ మూడు రోజుల్లో అయిపోవాలి. బుధవారం మిగిలిన సీనేదైనా తీస్తే, అదే చెట్టు ఒక షాట్లో నిండుగా, మరుసటి షాట్లో బోసిగా ఉంటుంది.

సత్యజిత్ రే అంతటివాడికే తప్పలేదిది. 1952 అక్టోబరులో ‘పథేర్ పాంచాలి’ మొదలుపెట్టి, రెల్లుపూల పొలంలో అక్కాతమ్ముళ్ల సీను కొంత తీశాడు. వారం తర్వాత మిగతాది తీద్దామని వెళ్తే ఒక్క పువ్వు లేదు. పశువులు మేసేశాయి! మళ్లీ పూలు పూసేదాకా ఏడాది ఆగాడు. మా మేనకోడలికి ఆగే వీలు లేదు. ఎందుకో చెబుతాను.

ఆ తోట అయిదెకరాలు. అందులో రెండెకరాల ముసలి చిన్నరసాల్ని ఆ గురువారం కొట్టించేస్తున్నారు. ఈ ప్రాంతంలో కొన్నేళ్లుగా ఇలా మామిడి తీసి పామాయిల్ వేసేవాళ్లు కనబడుతూనే ఉన్నారు. మామిడి ఒక ఏడు కాస్తే ఒక ఏడు మొహం చాటేస్తుంది. పూత మీద పురుగు, మందుల ఖర్చు, కాయ దిగే వేళకి ధర పడిపోవడం... పామాయిల్ అయితే నాలుగో ఏటి నుంచి ఏడాది పొడుగునా గెలలు దిగుతాయి. ఫ్యాక్టరీ తీసుకుంటుంది. లెక్క అంత సూటిగా ఉంటే రైతునేమనగలం? ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాసన మీద ప్రేమ ఉన్న నాలాంటివాడు ఒక్క ఏడు కూడా ఆ మందుల బిల్లు కట్టలేదు కదా!

పిల్ల రాసుకున్న కథ అదే. ఓ ముసలాయన చెట్లు కొట్టేందుకు అడ్వాన్సు తీసుకుని, మనవరాలికి చెప్పలేక తిరుగుతుంటాడు. చివర్లో ఒక్క డైలాగు: ‘అమ్మేశానమ్మా.’

బావగారికి ఇది నచ్చలేదు. “తోట కొట్టించుకున్నామని మనమే సినిమా తీసి చూపించుకోవడమేమిటి? ఊళ్లో నవ్వరూ?” అన్నారు. ఆదివారం రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకోలేదు గానీ, స్క్రిప్టు కాగితాలు మడిచి సంచీలో పెట్టేసింది. అప్పుడు పెద్దాయనే అన్నారు: “నవ్వితే నవ్వనీ రా. నరికేది కనబడుతుంది గదా, దాచేదేముంది?” డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. ఆ రెండెకరాలూ వాళ్ల నాన్నగారు వేస్తే, కావడితో నీళ్లు మోసింది ఈయన. సినిమాలో ముసలాయన వేషమూ ఈయనదే.

మంగళవారం కోత కన్నుల పండుగ! చిక్కం కట్టిన పొడుగు గెడలతో కుర్రాళ్లు ఒక్కో కాయనీ తొడిమెతో సహా పడుతుంటే కెమేరా వాళ్ల వెంట తిరిగింది. తొడిమె విరిగితే సొన చిమ్ముతుంది, అది చర్మం మీద పడితే పొక్కుతుంది. మనవరాలి వేషం వేసిన పదేళ్ల పిల్లకి పడకుండా అత్తయ్యగారు చెంపలకి కొబ్బరినూనె రాశారు. అదే మేకప్ కూడా! వ్యాపారి మొదట ‘నా కూలీల పని చెడగొట్టకండి’ అని విసుక్కున్నాడు గానీ, రాలుడు కాయలు రెండు బుట్టలు సీను కోసం ఉచితంగా ఇచ్చాడు. ఒక్కటే షరతు... తన లారీ ఓ షాట్లో కనబడాలి. కనబడుతుంది లెండి, నంబరు ప్లేటుతో సహా!

బుధవారం సాయంత్రం ఆ డైలాగు. నులక మంచం చెట్టు కింద వేశారు. దుప్పటి కట్టారు. మోటారు ఆపారు. ‘స్టార్ట్... కెమేరా... యాక్షన్!’ పెద్దాయన నోరు విప్పలేదు. రెండో టేకూ అంతే. మూడో టేకు తర్వాత లేచి కండువా దులుపుకుని అన్నారు: “నా వల్ల కాదు బుజ్జీ. కలప వ్యాపారి డబ్బులిచ్చిన రోజున కూడా ఆ మాట నేనన్లేదు. మీ నాన్నే అన్నాడు. సినిమా కోసం ఎట్లా అనమంటావ్?”

బావగారు థర్మోకోల్ అట్ట పక్కనే ఉన్నారు. తల దించుకున్నారు.

నేనైతే ప్యాకప్ అనేవాణ్ణి. పిల్ల అనలేదు. కెమేరా ఆపొద్దని కుర్రాడికి సైగ చేసి, మంచం మీద తాత పక్కన కూర్చుంది. “పోనీ అది వద్దు తాతయ్యా. ఈ చెట్టు గురించి నీకు తెలిసింది చెప్పు” అంది. చెప్పారు! ఏ చెట్టుకి కాయ ముందు మాగుతుందో, ఏ చెట్టు కాయకి టెంక చిన్నదో, ఏ కొమ్మకి ఎవరి ఉయ్యాల కట్టారో, ఏ పిల్ల పెళ్లికి ఏ చెట్టు కాయలు అల్లుడివాళ్ల ఊరికి గంపల్లో వెళ్లాయో... పదకొండు నిమిషాలు. సూర్యుడు దిగిపోతున్నా ఎవరూ కదల్లేదు. కోయిల కూడా కూసింది, ఈసారి ఎవరూ కట్ చెప్పలేదు. ‘అమ్మేశానమ్మా’ అన్న మాట సినిమాలో ఇక లేదు. నన్నడిగితే, రాసిన డైలాగుకంటే ఇదే బావుంది. రాసినామెకీ అదే అనిపించింది కాబట్టి ఈ పిల్లకి డైరెక్షన్ వచ్చునని నా నమ్మకం.

గురువారం సంగతి క్లుప్తంగా చెబుతాను. రిహార్సలు లేని సీను, రెండో టేకు లేని సీను. ఒక కెమేరా దూరంగా స్టాండు మీద, రెండోది నా చేతిలో సెల్‌ఫోను. రంపం మిషను పెట్టాక మొదటి చెట్టు నిలబడింది నాలుగు నిమిషాల పది సెకన్లు. ఫోన్లో క్లిప్పు చూసే చెబుతున్నాను. పడేటప్పుడు ముందు ఆకుల చప్పుడు, తర్వాతే మాను చప్పుడు వచ్చింది. పెద్దాయన అటు రాలేదు. బావగారు మాత్రం చివరిదాకా నిలబడ్డారు. మధ్యాహ్నం కూలీలకి మజ్జిగ పోసిందీ ఆయనే. ఆ షాటు కూడా ఉంది. తీయమని ఆయన చెప్పలేదు, వద్దనీ అనలేదు.

ఆ రాత్రి వాకిట్లో అదే తెల్ల దుప్పటి కట్టి, అద్దె ప్రొజెక్టరుతో రషెస్ వేశారు. పధ్నాలుగు మందిమి, మా మధ్య వ్యాపారి ఇచ్చిన కాయల బుట్ట. లారీ షాటుకి ఈలలు పడ్డాయి. కోత అయిపోయాక తీసిన బోసి చెట్టు రాగానే పెద్దాయన “ఆపమ్మా!” అన్నారు. లేచి దుప్పటి దగ్గరకంటా వెళ్లి, పై కొమ్మ మీద వేలు పెట్టి చూపించారు.

“ఇదిగో, ఈ తూరుపు కొమ్మ మీద రెండు కాయలు వదిలేశారు. చిక్కంవాడు చూసుకోలేదు.”

“ఇప్పుడు కోయిస్తారా ఏంటి, వచ్చి కూర్చోండి” అన్నారు అత్తయ్యగారు.

మేనకోడలు మాత్రం ఆ క్లిప్పు నంబరు నోటు పుస్తకంలో రాసుకుంది. ఎడిటింగు నడుస్తోంది. సంగీతం పెద్దగా ఉండదట. ఒకే ఒక్క వీణ. పనస మానుతో వీణలు చేయడంలో కూడా నూజివీడుకి పేరుందని మీరు వినే ఉంటారు, అక్కడి వీణే కావాలని పట్టు పట్టింది. మొదటి ఆట హైదరాబాదులో కాదు, ఆ వాకిట్లోనేనట. వ్యాపారి అప్పుడే తేదీ అడిగాడు. తన లారీలోనే ఊరివాళ్లని తీసుకొస్తాట్ట!