పంటిగార

మా పెద్దమ్మాయి నవ్వునపుడు నోటికి చేయి యడ్డము పెట్టుకొనుట చూచి అది సిగ్గనియే చాలకాలము తలంచితిని. దానికిప్పుడు పండ్రెండేండ్లు. ముందరిపండ్లపై పసుపును గోధుమరంగును గలసిన చారలున్నవి. పిల్ల సరిగా తోముకొనకపోవుటచే గార పట్టినదని నిశ్చయించి, రెండునెలలు ప్రతిదినము ఇటుకపొడియు నుప్పును గలిపి నా చేతులతోనే దాని పండ్లు తోమితిని. చిగుళ్ల రక్తము వచ్చినదేగాని చారలు పోలేదు. “అమ్మా, నేను రోజూ తోముకుంటనే ఉన్న” అని యది యేడ్చినను నమ్మనైతిని.

తుదకు మా నార్కట్‌పల్లిలోని దంతవైద్య కళాశాలకు తీసికొనిపోయితిని. వైద్యురాలు పరీక్షించి, “ఇది గార కాదమ్మా, ఫ్లోరైడు మచ్చ. ఎంత తోమినా పోదు. ఏదీ, మీరు నోరు తెరవండి” అనిరి. నా క్రిందిపండ్ల లోపలివైపున, నేనెన్నడును అద్దమున చూడనిచోట, సున్నము పేరినట్లు గార కట్టియుండెను! పిల్లయెదుట నాకు తలయెత్త శక్యము గాలేదు.

మా నల్లగొండ నీటి సంగతి సోదరీమణులు వినియే యుందురు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించి ఫ్లోరైడుగల నీరు, పండ్లు చిగుళ్లలోపల రూపొందు పసితనమున త్రాగినచో, ఆ మచ్చ పంటితోడనే పుట్టును. మనదేశమున నీ వ్యాధిని 1937లోనే నెల్లూరు మండలమున గుర్తించిరి. పాపము, బోరునీరు త్రాగించినది నేను. దెబ్బలు తిన్నది పిల్ల. ఆ మచ్చను తగ్గించు నుపాయములు వైద్యులయొద్ద గలవుగాని యింట చేయదగినవి కావు.

గార సంగతి వేరు. పంటిపై దినదినము సూక్ష్మజీవులతో నిండిన జిగటపాచి చేరును. దానిని తీసివేయనిచో లాలాజలమందలి సున్నపు లవణములు అందు దిగి రాయివలె గట్టిపడును. లాలాజలము ఊరుచోటులకు దగ్గరగా నుండుటచేతనే క్రిందిముందరిపండ్ల లోపలను, పైదవడపండ్ల వెలుపలను గార ముందుగా గట్టును. మెత్తని పాచి కుంచెకు వచ్చును. రాయియైన గార ఇటుకపొడికిని బొగ్గునకును నిమ్మరసమునకును రాదు. అవి పంటి పైపొరనే చెరచును.

గార తీయించినచో పండ్లు కదలునని మా అత్తగారు భయపెట్టిరి. నిజమునకు కదలించునది గారయే. అది చిగురుక్రిందికి ప్రాకినచో పంటిని పట్టియుంచు నెముక క్రమముగా కరగును. తీసిన పిదప సందులు కనబడుటయు, చన్నీటికి కొన్నిదినములు జివ్వుమనుటయు చూచి జనులు అట్లనుకొందురు కాబోలు. నాకు నొప్పికంటె యంత్రపు చప్పుడే యెక్కువ బాధించినది.

బాల్యమున నాయనగారు నాకు అష్టాంగహృదయము చెప్పిరి. దంతధావనపు పుల్ల చిటికెనవ్రేలి కొనంత లావుండవలెననియు, చిగుళ్లను నొప్పింపరాదనియు వాగ్భటుడు చెప్పిన మాట తప్పు లేకుండ అప్పగించుచుంటిని. ఇటుకపొడి చేతబట్టిననాడు అదేమియు జ్ఞప్తికి రాలేదు!

ఇప్పుడు మాయింట అందరికిని మెత్తనికుంచెలే. ఉదయమును, రాత్రి పరుండబోవు ముందును, రెండేసి నిమిషములు, చిగురంచున మెల్లగా, లోపలివైపు మరువక తోముకొందుము. సందులలో సన్నని దారము పోనిచ్చుట నాకింకను చక్కగా అలవడలేదు.

ఆ సాయంకాలమే పిల్లయొద్ద నా తప్పొప్పుకొంటిని. కొంతసేపు మాటాడక యుండి, “ఇగ నువ్వు నోరు తెరువు, నేను చూస్త” అనెను. తెరచితిని. దీపము పట్టి చాలసేపు చూచి నవ్వినది. చేయి యడ్డము పెట్టుకొనుట మాత్రము ఇంకను మానలేదు.