తారు సరస్సులో ప్రాణం

వెస్టిండీస్ ద్వీపమాలికకు దక్షిణపు కొసన, వెనిజులా తీరానికి అతి సమీపంలో ట్రినిడాడ్ ఉన్నది. ఆ ద్వీపంలో శాన్ ఫెర్నాండో పట్టణం దాటి నైరుతి దిశగా ప్రయాణించే భారతీయునికి పరిచితమైన పేర్లు ఎదురవుతూనే ఉంటాయి. 1845లో మొదలైన ఒప్పంద కూలీల వలసలో కలకత్తా, మద్రాసు రేవులలో ఓడలెక్కి వచ్చినవారి సంతతి నేటికీ మహారాజ్, రామ్‌లోగన్ వంటి ఇంటిపేర్లతో అక్కడ జీవిస్తున్నది. కాని లా బ్రేయా అనే చిన్న ఊరు సమీపించేసరికి దృశ్యం మారిపోతుంది. చదునుగా ఉండవలసిన రోడ్డు అలలుగా లేచి పడుతుంది. కొన్ని ఇళ్ళు ఒక పక్కకు ఒరిగి కనిపిస్తాయి. నేల కింద తారు నిదానంగా కదలడమే ఇందుకు కారణం. స్పానిష్ భాషలో 'బ్రేయా' అంటే తారు అనే అర్థం.

ఊరి చెంతనే సుమారు 40 హెక్టార్ల మేర పరచుకొని ఉన్నది ప్రసిద్ధమైన తారు సరస్సు. నడిమధ్యన దాని లోతు 75 మీటర్ల వరకు ఉంటుందని అంచనా. పేరుకు సరస్సే గాని, చూపరులకు అది ఏనుగు చర్మంలా ముడతలు పడిన నల్లని మైదానంగా తోస్తుంది. దాని మీద నడవవచ్చు. అయితే ఒకే చోట నిలిచిపోతే పాదం మెల్లమెల్లగా దిగబడుతుంది. ముడతల నడుమ వాన నీరు చేరి మడుగులు కడుతుంది. గంధకపు వాసన వేసే ఆ నీటిలో స్నానం చేస్తే చర్మరోగాలు నయమవుతాయని స్థానికుల నమ్మకం. తారు కోసం తవ్విన గొయ్యి కొంతకాలానికి తనంత తానే పూడుకొంటుంది.

ఈ సరస్సు పుట్టుకను గురించి ఒక ఐతిహ్యం ఉన్నది. పూర్వం ఇక్కడ నివసించిన ఆదివాసులు యుద్ధంలో గెలిచి విందు చేసుకొన్నారట. పితృదేవతల ఆత్మలుగా భావించవలసిన చిన్నారి తేనెపిట్టలను ఆ విందులో చంపి తిన్నారట. దేవుడు ఆగ్రహించగా నేల నోరు తెరచి ఊరినంతటినీ మింగివేసిందట.

చరిత్రకు తెలిసిన కథ వేరు. 1595లో స్వర్ణనగరాన్ని వెదుకుతూ వచ్చిన ఆంగ్లేయుడు సర్ వాల్టర్ రాలీ ఇక్కడి తారుతో తన ఓడల సందులు పూడ్చుకొన్నాడు. 1876లో వాషింగ్టన్ నగరపు పెన్సిల్వేనియా అవెన్యూలో ఇదే తారు పరిచారు. అప్పటినుండి ఎన్నో దేశాల రహదారుల మీదికి ఈ సరస్సు ప్రయాణం చేసింది.

ఇంతకూ ఈ తారు ఎక్కడిది? భూగర్భంలోని చమురు రాతి పగుళ్ళ గుండా మట్టితో, వాయువులతో కలిసి పైకి ఎగదన్నుకొని వస్తుంది. తేలికపాటి భాగాలు ఆవిరైపోగా చిక్కని మడ్డి మిగులుతుంది. చాలాకాలం శాస్త్రజ్ఞులు ఇంతటితో సరిపెట్టుకొన్నారు. భూగర్భంలోని చమురు నిర్జీవ పదార్థమనీ, చీకటి, వేడి, ఒత్తిడి, విషపదార్థాల మధ్య ప్రాణి బతకలేదనీ తలచారు.

ఆ నమ్మకాన్ని మొదట ప్రశ్నించినవారిలో చికాగో విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎడ్సన్ బాస్టిన్ ఒకడు. చమురు బావుల నీటిలో ఉండవలసిన సల్ఫేటు లవణాలు కొరవడటం, వాటికి మారుగా కుళ్ళిన కోడిగుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కనిపించడం ఆయన గమనించాడు. సల్ఫేటును ఆ వాయువుగా మార్చే బాక్టీరియా భూమి పైన ఉన్న సంగతి అప్పటికే తెలుసు. బాస్టిన్ తన సహచరులతో కలిసి బావుల నీటి నుండి అటువంటి బాక్టీరియాను పెంచి చూపి, 1926లో ప్రకటించాడు. వెంటనే ఆక్షేపణ వచ్చింది: బావి తవ్వేటప్పుడు పనిముట్లతో, నీటితో పైనుండి దిగిన క్రిములు కావని నమ్మకమేమిటి? ఆ సందేహం దశాబ్దాల పాటు వెంటాడింది.

తారు సరస్సు విలువ ఇక్కడే తెలుస్తుంది. ఇక్కడ భూగర్భం తనంత తానే పైకి వచ్చి పలుకుతుంది. 2011లో ప్రకటితమైన పరిశోధనలో ఈ తారులో గ్రాముకు కోటి దాకా సూక్ష్మజీవ కణాలు ఉన్నట్లు తేలింది. 2014లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రైనర్ మెకెన్‌స్టాక్, ఆయన సహచరులు మరొక అడుగు వేశారు. తారులో చిక్కుకొన్న అతి చిన్న నీటి బిందువులను వారు వెలికితీశారు. ఒక్కొక్కటి ఒకటి నుండి మూడు మైక్రోలీటర్లు మాత్రమే. ఆ బిందువు ప్రతిదానిలోనూ బాక్టీరియా, ఆర్కియా అనే సూక్ష్మజీవులు కలిసి ఒక పూర్తి సమాజంగా జీవిస్తున్నాయి. ఆ నీటి స్వభావాన్ని పరీక్షిస్తే అది వాన నీరు కాదనీ, భూగర్భపు లోతుల నుండి వచ్చినదనీ తెలిసింది. చమురు, నీరు కలిసే అంచున మాత్రమే కాక, చమురు నడిబొడ్డున కూడా ప్రాణం ఉన్నదన్నమాట.

ఈ జీవులకు ప్రాణవాయువు అక్కరలేదు. కొన్ని చమురును విరిచి చిన్న అణువులుగా చేస్తే, వాటిని మరికొన్ని అందుకొని మీథేన్ వాయువుగా మారుస్తాయి. ఒకరు వదిలినది మరొకరికి ఆహారం. లక్షల సంవత్సరాల పాటు సాగే ఈ పంక్తి భోజనంలో తేలికైన భాగాలు ముందు ఖర్చవుతాయి. అరగని మడ్డి అడుగున మిగులుతుంది. కెనడాలోని అథబాస్కా తారు ఇసుకలు కూడా ఈ విధంగా బరువెక్కిన చమురే. మనం రోడ్డు మీద పరిచే సహజ తారులో ఎండకు ఆవిరికాగా మిగిలినది కొంతైతే, ఈ కంటికానరాని ప్రాణుల ఎంగిలి కొంత.

అయితే వేడి వీటికి హద్దు. చమురు రాతిపొర సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కితే, కాచిన పాలలో క్రిములు నశించినట్లు అవి నశిస్తాయి. ఆ పొర తరువాత చల్లబడినా చమురు చెక్కుచెదరక నిలవవచ్చు. ఒక దేశపు బావిలో పలుచని చమురు, మరొక దేశపు బావిలో జిగురు మడ్డి దొరకడం వెనుక ఈ పాత లెక్క కూడా ఉన్నది.

మనిషికి ఈ జీవులు శత్రువులూ అవుతాయి, సేవకులూ అవుతాయి. చమురును వెలికి నెట్టడానికి సముద్రపు నీటిని బావిలోకి పంపినప్పుడు, అందులోని సల్ఫేటు వీటికి విందవుతుంది. వెలువడే విషవాయువు ఉక్కు గొట్టాలను తినివేస్తుంది, పనివారి ప్రాణానికి ముప్పు తెస్తుంది. మరొకవైపు గుజరాత్ చమురు క్షేత్రాలలో ఓ.ఎన్.జి.సి., టెరి సంస్థలు ఎంపిక చేసిన బాక్టీరియాను బావుల్లోకి పంపి, గొట్టాలకు పట్టిన మైనాన్ని కరిగించడానికీ, రాతిలో ఇంకిపోయిన చమురును కదిలించడానికీ వినియోగించాయి.

లా బ్రేయాలో సాయంకాలం తారు మీద అక్కడక్కడ బుడగలు లేచి, నెమ్మదిగా పగిలిపోతుంటాయి. ఐతిహ్యంలో ఆ నేల మింగినది ఒక ఊరిని. శాస్త్రం చూపిన నేలలో ప్రతి నీటిబొట్టూ ఒక ఊరే. అందులో పొయ్యి ఇంకా ఆరలేదు.