ముందే తేలిపోయే ఎన్నికలు

16 జనవరి 2024, మంగళవారం. కనుమ

పొద్దున్నే గారెల పప్పు రుబ్బుతుంటే డెమోయిన్ నుంచి పాప వీడియో కాల్. అక్కడ సోమవారం రాత్రి, గడ్డకట్టే చలి. అయోవాలో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే రిపబ్లికన్ల కాకస్ మొదలై అరగంట అయిందో లేదో, ట్రంప్ గెలిచేశాడని వార్తాసంస్థ ప్రకటించేసిందట. వాళ్ళ పక్కింటాయన మనవాడే, సిటిజన్. ఊళ్ళో బడికెళ్ళి కూర్చున్నాడు. అభ్యర్థుల తరఫున ఉపన్యాసాలు ఇంకా అవుతూనే ఉన్నాయి, చేతిలో తెల్ల కాగితం, దాని మీద పేరు రాయాలి. ఈలోగా ఫోన్లో ఫలితం. "ఇంక రాయడం ఎందుకు అనుకుని కూడా రాశాడటమ్మా" అని నవ్వింది. పోటీలో ఉన్న డిశాంటిస్ మనుషులు ఇదేం న్యాయమని గొడవ చేస్తున్నారట. చెయ్యరూ మరి!

మధ్యాహ్నానికి లెక్కలు వచ్చాయి. ట్రంప్ 51 శాతం, డిశాంటిస్ 21, హేలీ 19, వివేక్ రామస్వామి 8 లోపు. మొత్తం 99 కౌంటీల్లో ట్రంప్ ఓడింది ఒక్కచోటే, అదీ ఒక్క ఓటుతో, హేలీ చేతిలో. ఓటేసినవాళ్ళంతా కలిపి లక్షా పదివేలు. మా భీమిలి నియోజకవర్గంలోనే మూడు లక్షలు దాటి ఓటర్లున్నారు. ఆ లక్ష మంది మంచులో నడిచి వెళ్ళి చెప్పిన మాటతో రామస్వామి ఆ రాత్రే తప్పుకుని ట్రంప్‌కి జై కొట్టాడు.

నిన్నటిదాకా మన చానెళ్ళలో 'మనవాడు' రామస్వామి. తల్లిదండ్రులది కేరళ, ఇంట్లో తమిళం. పోనీ, దూరపు చుట్టమే అనుకుందాం. కానీ ఆ మనిషి హెచ్-1బి లాటరీని పీకేస్తానన్నాడు. ఆయన పెట్టిన కంపెనీ అదే వీసా మీద 29 సార్లు మనుషుల్ని తెచ్చుకుందని పోయిన సెప్టెంబరులోనే పత్రికలు రాశాయి. పాప, అల్లుడు ఆ వీసా మీదే ఉన్నారు. ఇక్కడేమో మా పెదబావగారు సంక్రాంతి భోజనాల దగ్గర రామస్వామి గెలవాలని మొక్కుకున్నానన్నారు. "ఆ మొక్కు తీరితే మన పిల్ల సామాను సర్దుకోవాలి బావగారూ" అంటే నమ్మలేదు. లాటరీ పీకేస్తానన్నది ఓటు ఉన్నవాడితో మాట్లాడే మాట. ఓటు లేని మా పాపతో కాదు, మాతో అంతకన్నా కాదు.

24 జనవరి, బుధవారం

న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ కూడా అయిపోయింది. ట్రంప్ 54, హేలీ 43. డిశాంటిస్ ఆదివారమే వెళ్ళిపోయాడు, కాబట్టి ఇద్దరి పోటీ. డిక్స్‌విల్ నాచ్ అనే కుగ్రామంలో అర్ధరాత్రి ఓట్లేసి అప్పటికప్పుడు లెక్కపెడతారు. ఆరు ఓట్లు, ఆరూ హేలీవే. ఆ ఆరింటిని చూసి ఆమెకెంత సంబరం వేసి ఉంటుందో!

హేలీ మాటలు కొంతకాలంగా చదువుతున్నాను. ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని కదా, ఒకటి మాత్రం మింగుడుపడలేదు. డిసెంబరు చివర్లో ఆ రాష్ట్రంలోనే ఒకాయన లేచి అమెరికా అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగాడు. ప్రభుత్వం, స్వేచ్ఛ అంటూ ఏదేదో చెప్పింది, బానిసత్వం అన్న మాట మాత్రం నోట రాలేదు. మర్నాడు సర్దుకుంది. తెలియక కాదు, గవర్నరుగా చేసిన మనిషి. ఎవరో నొచ్చుకుంటారని ముందే లెక్కేసుకుంది. నా తొమ్మిదో తరగతి పిల్లలెవరైనా అలా రాసుంటే సున్నా వేసి, కింద ఎర్రసిరాతో 'ప్రశ్న చదువు' అని రాసేదాన్ని. అయోవా వాళ్ళు మొదలుపెడతారు, మీరు సరిచేస్తారు అని కూడా న్యూ హాంప్‌షైర్ వాళ్ళని ఉబ్బేసింది. వాళ్ళు ఏమీ సరిచేయలేదు.

అక్కడే ఇంకో వింత. పోలింగుకు ముందు ఇళ్ళకి ఫోన్లు వెళ్ళాయి. అచ్చం బైడెన్ గొంతు: ఇప్పుడు ఓటేయొద్దు, నవంబరు దాకా దాచుకోండి అని. కంప్యూటర్ సృష్టించిన గొంతట.

సాయంత్రం నాకూ ఒక ఫోన్ వచ్చింది. అసలు గొంతే, రికార్డు చేసింది. మీ నియోజకవర్గంలో అభ్యర్థిగా ఫలానా వారైతే ఒకటి నొక్కండి, ఫలానా వారైతే రెండు... మనకి ప్రైమరీ అంటే ఈ ఐవీఆర్ఎస్సే. నొక్కాను. ఏది నొక్కానో ఇక్కడ రాయను. కానీ నేను నొక్కిన అంకె ఏ గదిలోకి వెళ్ళింది, ఎవరు కూడారు, మొత్తం ఎంతొచ్చింది? అయోవా బడిలో కాగితాలు అందరి ముందూ లెక్కపెట్టారు. పంజాబులో ఆమ్ ఆద్మీ పార్టీ 2022లో ముఖ్యమంత్రి అభ్యర్థి కోసం ఫోన్లు తీసుకుని, భగవంత్ మాన్‌కి 93 శాతం వచ్చాయని కనీసం బయటికి చెప్పింది. ఆ అంకె నిజమా అని అడగడానికైనా ఒక అంకె ఉంది.

27 జనవరి, శనివారం

పొద్దుటి నుంచి బస్సులన్నీ సంగివలస వైపే. ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి 'సిద్ధం' సభ, ఎన్నికల శంఖారావం మన భీమిలి నుంచే. పాలబ్బాయి ఆలస్యంగా వచ్చి, "జనం ఇసకేస్తే రాల్నట్టున్నారండి టీచరమ్మ గారూ, హైవే మీద బండి కదల్నేదు" అన్నాడు.

టీవీలో చూశాను. పద్మవ్యూహంలో చిక్కుకోడానికి తాను అభిమన్యుణ్ణి కాదు, అర్జునుణ్ణి అన్నారు, ప్రజలే కృష్ణుడట. మీ ఇంటికి మంచి జరిగి ఉంటేనే నాకు ఓటెయ్యండని ఏడాదిగా అంటున్న మాట. దాన్ని నేను తక్కువ చెయ్యను. ట్రంప్ పోయినేడాది తన వాళ్ళతో 'నేనే మీ ప్రతీకారం' అన్నాడు. దానిముందు ఇది నూరుపాళ్ళు నయం, లెక్క మన చేతికిచ్చి అడిగినట్టుంది. కాకపోతే ఆ లెక్క చూసుకోవాల్సింది ముఖ్యమంత్రి పేరు మీద. మా ఎమ్మెల్యే అవంతి శ్రీనివాస్ ఏం చేశాడన్నది ఆ వాక్యంలో లేదు. వ్యూహాల సంగతికొస్తే, 1794లో మా పద్మనాభం కొండ కిందే విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ సైన్యంతో పోరాడి ప్రాణం వదిలాడు. పద్మనాభం వాళ్ళకి పురాణం ఎత్తనక్కర్లేదు.

డిసెంబరులో అవతలివైపు పోలిపల్లిలో లోకేశ్ యువగళం ముగింపు సభ, ఇప్పుడు ఇవతల ఇది. మధ్యలో మేము. నినాదాలన్నీ వచ్చేశాయి. మనిషి మాత్రం రాలేదు. తాడేపల్లి నుంచి వైసీపీ ఇన్‌చార్జిల జాబితాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. విశాఖ ఎంపీ సత్యనారాయణని తూర్పు నియోజకవర్గానికి మార్చారు, ఎంపీ స్థానానికి బొత్స ఝాన్సీ పేరు వచ్చింది. ఎవర్నడిగి అంటే ఎవరూ చెప్పరు. సర్వే అంటారు.

7 ఫిబ్రవరి, బుధవారం

నెవాడా ప్రైమరీలో హేలీకి పోటీగా ట్రంప్ పేరే లేదు. అయినా ఓడింది. 'వీరిలో ఎవరూ కాదు' అన్న గడికి 63 శాతం, ఆమెకి 30. మన నోటాకి ఎప్పుడైనా ఇంత వైభోగం పట్టిందా?

25 ఫిబ్రవరి, ఆదివారం

నిన్న మాఘ పౌర్ణమి. రెండు ఫలితాలు ఒకేరోజు.

ఒకటి, తెలుగుదేశం, జనసేన తొలి జాబితా. టీడీపీ 94 పేర్లు, జనసేన ఐదు. కోటి మందికి పైగా అభిప్రాయాలు తీసుకున్నామని చంద్రబాబు అన్నారు. అందులో నా అంకె కూడా ఉండే ఉంటుంది. భీమిలి మాత్రం జాబితాలో లేదు. భీమిలి అడుగుతున్న గంటా శ్రీనివాసరావుని చీపురుపల్లి వెళ్ళి బొత్స సత్యనారాయణ మీద నిలబడమంటున్నారు, ఆయనకేమో విశాఖ వదలడం ఇష్టం లేదు. ఆయన చరిత్ర చూస్తే తమాషా: 1999లో అనకాపల్లి ఎంపీ, 2004లో చోడవరం, 2009లో అనకాపల్లి అసెంబ్లీ, 2014లో భీమిలి, 2019లో విశాఖ ఉత్తరం. ప్రతిసారీ కొత్త చోటు, ప్రతిసారీ గెలుపు. అలాంటి మనిషి తొలిసారి పాతచోటు కావాలంటుంటే అవతలి జిల్లా చూపిస్తున్నారు.

రెండోది, సౌత్ కరోలినా. రెండుసార్లు గవర్నరుగా గెలిపించిన సొంత రాష్ట్రంలో హేలీ ఇరవై శాతం తేడాతో ఓడింది. దాదాపు నలభై శాతం వచ్చింది కదా, ఆగను అంటోంది. మొండితనమే కావచ్చు. కానీ ఆ నలభై శాతం ఉన్నారన్న సంగతి బయటపడింది, ఇక ట్రంప్ వాళ్ళని లెక్కలోకి తీసుకోవాలో వద్దో తేల్చుకోవాలి. ఇక్కడ గంటాని ఎంతమంది కావాలన్నారో, అవంతిని ఎంతమంది వద్దన్నారో వాళ్ళిద్దరికీ కూడా తెలియకపోవచ్చు.

"మనకి ఎవలంటండి?" అని పాలబ్బాయి. "రెండో జాబితాలో చెప్తారట" అన్నాను. "ఎవలైతే ఏటిలెండి, ఇక్కడోలు మాత్రం కారు" అన్నాడు.

రాత్రి పాప ఫోన్ చేసినప్పుడు చెప్పాను, దాని పేరు మన ఓటరు జాబితాలో ఇంకా ఉందని. అక్కడ ఓటు లేదు. ఇక్కడ ఉన్నా మనిషి వచ్చి వెయ్యాలి. నవ్వింది. ఏప్రిల్, మే విమాన ఛార్జీలు మండిపోతున్నాయట. ముందు మీవాళ్ళ టికెట్టు తేలనివ్వు, తర్వాత నా టికెట్టు చూస్తానంది.