పాలకు వెల కట్టినచోట

పసిబిడ్డల పాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఆచారాన్ని తిట్టడం నాకు అలవాటు. మా నాయనమ్మ ముర్రుపాలు పిండి పారబోయించిందని అమ్మ చెప్పగా విన్నవాణ్ణి. మూఢాచారం పోతే అంతా చక్కబడుతుందని తరగతిలో చెప్పేవాణ్ణి. నా ధీమాను సడలించినది ఒక ఛాయాచిత్రం.

అది బ్రెజిల్‌లోని రెసిఫీ నగరంలో 1860 ప్రాంతంలో తీసినది. కలవారి తెల్ల పిల్లవాడొకడు, ప్రక్కన కూర్చున్న నల్లజాతి స్త్రీ భుజానికి వాలి వున్నాడు. ఆమె పేరు మోనికా. అతనికి పాలిచ్చిన దాది, బానిస. పిల్లవాడి పేరు ఇంటిపేరుతో సహా చరిత్రలో వున్నది. ఆమెకు మిగిలినది మోనికా అన్న పేరొక్కటే. పాలు వున్నాయంటే ఆమె కూడా ఒక బిడ్డను కని వుండాలి గదా! ఆ బిడ్డ ఏడీ?

ఆనాటి రియో పత్రికలలో పాలదాదులను అద్దెకిస్తామని ప్రకటనలు పడేవి. బిడ్డ వెంట లేకపోవడం వాటిలో ఒక అర్హత. అక్కడ బిడ్డ అనడానికి వేసిన మాట పశువుల కూనకు వాడేదే! 1871లో బానిసల కడుపున పుట్టేవారు స్వతంత్రులని చట్టం చేశారు. అయినా 21వ యేటి వరకు వారిచేత చాకిరి చేయించుకునే వీలు యజమానికి వుంచారు. 1888లో బానిసత్వం రద్దయింది. విడుదలైనవారికి సెంటు భూమి ఇవ్వలేదు. 1955లో మాత్రం సావో పౌలో నగరంలో పాలిచ్చే 'నల్లతల్లి'కి విగ్రహం నిలిపారు.

పారిపోయిన బానిసలు కట్టుకున్న పల్లెలను కిలోంబోలంటారు. వారి సంతతికి ఆ భూములపై హక్కును 1988 రాజ్యాంగం ఒప్పుకున్నది. 2022 జనాభా లెక్కల్లో వారు 13 లక్షల పైచిలుకు. భూమి పట్టాల కోసం మాత్రం చాలా పల్లెలు ఇంకా పోరాడుతూనే వున్నాయి.

'నా పాలు పలచన, బిడ్డకు ఆనవు' అన్న శంక బ్రెజిల్ తల్లులలో విస్తారంగా వుంది. దానితో పసికందుకు నెలల లోపునే ఆకుల కషాయం పోస్తారు. అది మేలని నేననను. అయితే తరాల తరబడి తన పాలు తన బిడ్డకు దక్కని జాతి స్త్రీని నిలబెట్టి, 'నీ ఆచారమే నీ బిడ్డకు శత్రువు' అని చెప్పే ముందు, ఆ ప్రకటనలు ఒకసారి చదవవద్దా?

ఇది తోచిన తర్వాత మా నాయనమ్మ కథ మళ్లీ అడిగాను. అమ్మ ఈసారి మిగతాది కూడా చెప్పింది. నాయనమ్మ తన కాన్పయిన పదోనాడే, బిడ్డను గట్టుమీద పడుకోబెట్టి నాట్లు వేసిందట. ముర్రుపాలు పారబోయించడం తప్పే. ఆ తప్పు ఆచారానిది. పదోనాడే నాట్లకు రమ్మన్నది మాత్రం ఆచారం కాదు, ఆసామి.