జేబులో మూడొందలు

విజయవాడ పుస్తక మహోత్సవం. ఆరో తరగతి పిల్లాడు ఒక స్టాల్ ముందు అరగంటగా కదలడం లేదు. తాతయ్య ఇచ్చిన మూడొందలు జేబులో, నాలుగు బొమ్మల పుస్తకాలు చేతిలో ఉన్నాయి. డబ్బు రెండింటికే సరిపోతుంది.

1967లో మొదలైన అమర్ చిత్ర కథల్లోని 'బీర్బల్' పక్కింటి నేస్తం దగ్గరుంది. అడిగి తెచ్చుకోవచ్చు. తెనాలి రామన్న కథలు ఎన్నిసార్లు చదివినా నవ్వొస్తుంది. కాబట్టి అది ఖాయం. మిగిలినవి తనకిష్టమైన 'టింకిల్', ఎప్పుడో చదివేసిన 'హనుమాన్'.

నాన్న చెయ్యి పర్సు దాకా వెళ్లి ఆగింది. చిన్నప్పుడు అద్దె పుస్తకాల కొట్లో చందమామా, బొమ్మరిల్లా అని తనూ ఇలాగే తేల్చుకోలేకపోయాడు.

పిల్లాడు చివరికి 'టింకిల్' వెనక్కి పెట్టేశాడు.

"చెల్లికి అక్షరాలు వచ్చేశాయి కదా నాన్నా!" అన్నాడు.