పాత జీపు చూడ్డానికి పోయేముందు

కమిటీకి పాత జీపు ఒకటి చూస్తున్నామని పోయిన వారం రాశాను కదా. అప్పటి నుంచి ఒకటే ఫోన్లు. సగం మంది అమ్మేవాళ్ల నంబర్లు ఇచ్చారు. మిగతా సగం, ముఖ్యంగా యూనివర్సిటీ పిల్లలు, అడిగింది ఒకటే: "అన్నా, ఉద్యమానికి ఫోర్ వీల్ డ్రైవ్ ఎందుకు? అది దొరల బండి కదా?"

దొరల బండే. పోలీసుల బండి కూడా. నా చిన్నప్పుడు జీపు చప్పుడు వినపడితే పల్లెలో మగవాళ్లు చేలల్లోకి పోయేవాళ్లు. అయినా మాకు అదే కావాలి. ప్రకాశం, పల్నాడు నల్లరేగడిలో వానాకాలం తిరిగినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. సిమెంటు రోడ్డు ఊళ్లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి మాలపల్లెకో మాదిగపల్లెకో పోవాలంటే చాలాచోట్ల డొంకే దిక్కు. నాలుగు చినుకులు పడితే చాలు, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి బిగిసి బైకు చక్రం తిరగదు. అద్దె కారు డ్రైవరు డొంక మొదట్లోనే ఆపేస్తాడు. కొందరు బురద చూసి ఆపుతారు. కొందరు మనం ఎవరింటికి పోతున్నామో తెలిశాక ఆపుతారు.

ఇక్కడో చట్టం సంగతి చెప్పాలి. అట్రాసిటీ చట్టం కింద 1995లో వచ్చిన రూల్స్‌లో 11వ రూలు తీసి చదవండి. బాధితులకీ సాక్షులకీ దర్యాప్తుకి, కోర్టుకి వచ్చిపోయే చార్జీలు ఇవ్వాలి. అధికారుల దగ్గరికి పోవడానికి వాహనం ఏర్పాటు చేయాల్సింది మేజిస్ట్రేటు. కాగితం మీద అంతా ఉంది. నేను తిరిగిన కేసుల్లో సాక్షి ఇంటి ముందుకొచ్చి ఆగిన సర్కారు బండిని ఇంతవరకూ చూడలేదు. అందుకే చందాలు. చేతిలో ఉన్నది రెండు లక్షల చిల్లర. ఆ డబ్బుకి వచ్చేది పాతదే.

మామూలుగా కారు కొనేవాళ్లు మైలేజీ అడుగుతారు, ఏసీ అడుగుతారు. మేం అడిగేది వేరు. రాత్రి పదకొండింటికి సాక్షిని, ఆమె పిల్లల్ని ఎక్కించుకున్నాక ఈ బండి స్టార్ట్ అవుతుందా? డొంక దాటి తారు రోడ్డెక్కేదాకా ఆగకుండా పోతుందా? ఎవరి వాకిట్లో ఆగిపోయినా ఫర్వాలేదు అనుకునే బతుకులు కావు మనవి.

ఆటోనగర్‌లో నలభై ఏళ్లు జీపుల కింద పడుకుని లేచిన మెకానిక్ బాబాయ్ ఒకాయన మాతో వస్తున్నాడు. మనవాడే. ఆయన మొదటి షరతు: తెల్లారగట్ట పోవాలి, పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టాలి. వేడిగా ఉందంటే మనం వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో చూస్తే సగం జాతకం తెలిసిపోతుంది. నీలం పొగ వదలకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోంది. ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటి జిగట ఉంటే నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. ఛాసిస్‌కి కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఆయన మొహం మాడిపోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతాడు, కమాను కట్టలు బిగించే చోట మరీను. ఖంగుమంటే ఇనుము. బొద్దుగా మోగితే తుప్పు. సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బండయితే అక్కడే ఎక్కువసేపు ఉంటాడు.

మేం చూసిన మొదటి జీపు పైకి బాగుంది. గేరు రాడ్ పక్కన రెండో రాడ్ ఉంది, అదే ఫోర్ వీల్‌ది, ఒత్తిగా పడింది కూడా. బాబాయ్ కిందికి దూరి, అలాగే పడుకుని నవ్వాడు. "ఒరే అబ్బాయ్, ముందు షాఫ్టు ఏదిరా?" ముందు చక్రాలకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడదీసి ఎన్నేళ్లయిందో. డీజిల్ కలిసొస్తుందని తీసేశామన్నాడు యజమాని. రాడ్ మాత్రం అలంకారానికి మిగిలింది. రిజర్వు నియోజకవర్గం నాయకుడిలా ఉందన్నాడు మా తమ్ముడొకడు. పడీపడీ నవ్వాం గానీ, ఆ బండిని నమ్మి రేగడిలోకి దిగి ఉంటే?

కాబట్టి రాడ్‌ని నమ్మొద్దు. కిందికి వంగి షాఫ్టు చూడండి. పాత జీపుల్లో, జిప్సీల్లో ముందు చక్రాల మధ్యన తిప్పే హబ్బులుంటే, అవి లాక్ అవుతున్నాయా చూడండి. తడి నేల మీద ఫోర్ వీల్ వేసి కదిలించండి. ఎండిన తారు రోడ్డు మీద వద్దు, లోపల పళ్లు బిగుసుకుంటాయి. లో గేరులో ఎత్తు దిగుతూ యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే రాడ్ తనంతట తాను బయటికొస్తుందా చూడండి. వస్తే అరిగిపోయింది. ఇంకోటి, సెన్సార్లున్న ఇంజన్ కంటే పాత పంపు ఇంజనే మాకు మేలు. సెన్సారు పోతే టౌన్‌లో కంప్యూటర్ పెట్టి చూడాలి, పాత పంపు రిపేరు మండల కేంద్రంలో అయిపోతుంది.

రెండో జీపుకి ఇంజన్, షాఫ్టు అన్నీ భేష్. ఆర్సీ మాత్రం మూడో మనిషి పేరు మీద ఉంది. "పేరు తర్వాత మార్చుకుందాంలే, మనూరోళ్లమేగా" అన్నాడు అమ్మేవాడు. బాబాయ్ కూడా బండి బాగుంది తీసుకోమన్నాడు. నేనే ఒప్పుకోలేదు. చట్టం లెక్కలో ఆర్సీలో పేరున్నవాడే యజమాని. మనం ఎవరి మీద కేసు నడుపుతున్నామో వాళ్ల మనిషి ఒకడు ఆ మూడో మనిషిని పట్టుకుని "నా బండి ఎత్తుకుపోయారు" అని చెప్పిస్తే చాలు. చెక్‌పోస్టులో సాక్షితో సహా దింపేస్తారు. ఇంజన్ చెడితే గంటలో బాగుచేయొచ్చు, ఇది చెడితే సాక్షి వాయిదాకి అందడు. ఫారం 29, 30 మీద సంతకాలు కాకుండా రూపాయి ఇవ్వొద్దు. ఫైనాన్సు ఉంటే ఫారం 35 కావాలి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు మీ కళ్లతో చదివి ఆర్సీతో పోల్చండి, పాత జీపుల్లో ఇంజన్ మార్చి ఆర్సీలో ఎక్కించనివి చాలా ఉంటాయి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. ఆ తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి రెన్యువల్ చేసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది. బేరంలో ఇవన్నీ కలుపుకోండి.

ఇక నడిపేవాళ్ల మాట. 1929లో బాబాసాహెబ్ చాలీస్‌గావ్‌లో దిగింది మన పని లాంటి పని మీదే, ఒక ఊళ్లో సవర్ణులు పెట్టిన బహిష్కరణ గురించి విచారించడానికి. అంటరానివాడిని ఎక్కించుకుని తోలం అన్నారు టాంగావాళ్లు. బండి అద్దెకివ్వడానికి మాత్రం ఒప్పుకున్నారు. తోలడం రాని మహార్ ఒకాయన పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద చక్రం రాళ్లలో చిక్కింది. గుర్రం, బండి ఏట్లో పడ్డాయి, బాబాసాహెబ్ రాతి మీద పడి కాలు విరిగింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాశారు. టాంగాలో లోపం లేదు, గుర్రంలో లోపం లేదు.

అందుకే మా కమిటీలో నలుగురు డ్రైవింగ్ నేర్చుకుంటున్నారు, ఇద్దరు ఆడపిల్లలు. ఒకమ్మాయి వెనక్కి తీయడంలో మా అందరికంటే మేలు.

ఆదివారం మూడో జీపు చూడబోతున్నాం. పొద్దున ఆరింటికల్లా అక్కడుంటాం. ఆర్సీ ఫోటో ముందే తెప్పించుకున్నాం, అమ్మేవాడి పేరు మీదే ఉంది. బండి మాత్రం స్టార్ట్ చేయొద్దని చెప్పాం.