నలభైలో ఆదివారాలు కలవవు వదినా

"నలభై రోజులు నీసు ముట్టం అన్నావు, నిన్న మీ ఇంట్లోంచి మసాలా వాసన వచ్చిందేం?" అంటున్నావా వదినా? అడుగు, తప్పేముంది. వాసనకి గోడ అడ్డమా! నిన్న ఆదివారం. మా శ్రమల కాలంలో ఆదివారాలు లెక్కలోకి రావు. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ ముందరి శనివారం దాకా వేళ్లమీద లెక్కపెట్టు, 46 రోజులొస్తాయి. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ప్రభువు లేచిన రోజున పస్తు ఉండకూడదని పెద్దలు పెట్టిన లెక్క. మా ఆయనకి వాక్యం ఒక్కటి నోటికి రాదు గానీ ఈ లెక్క మాత్రం కంఠతా వచ్చు. శనివారం సాయంత్రమే మటన్ కొట్టు అబ్బాయికి చెప్పి వస్తారు.

ఇక్కడ మా అత్తగారి వైపు బాప్టిస్టులు, వాళ్లకి బూడిద పట్టింపు లేదు. నాది గుంటూరు, లూథరన్ పుట్టిల్లు. ఆర్సీఎం వాళ్లయితే నుదుట బూడిద పెట్టించుకుంటారు, చూసే ఉంటావు. ఆ బూడిద ఎక్కడిదనుకున్నావు? కిందటేడు మట్టల ఆదివారం నాడు చేతుల్లో పట్టుకుని ఊరేగిన మట్టలే. ఎండిపోయాక వాటినే కాలుస్తారు. పోయినేడు జేజేలు కొట్టిన మట్టే ఈ ఏడు మొహాన మసి! ఇది ఎవరు ఆలోచించారో గానీ మనుషుల్ని బాగా ఎరిగినవాళ్లు.

మీ కార్తీకం లాంటిదే అంటావు. ఉపవాసం వరకూ అంతే. క్రిస్మస్‌కి ముందు కూడా నాలుగు ఆదివారాలు ఉన్నాయి, ఆగమన కాలం. వారానికో కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తూ ఎదురుచూడాలి. ఇప్పుడెవరికి ఓపిక? నవంబరు ఆఖరుకే సెమీ క్రిస్మస్‌లు మొదలు. బడిలో ఒకటి, ఆఫీసులో ఒకటి, వీధిలో ఒకటి. అసలు పండగ నాటికి కేకు అంటేనే మొహం మొత్తుతుంది. పెళ్లి కాకుండానే పదహార్రోజుల పండగ చేసుకున్నట్టు.

ఎదురుచూడటం గురించి మన ఒంగోలు వాళ్లకి ఒకరు చెప్పాలా! ఈ కొండ ఉందే, 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, నెల్లూరు నుంచి వచ్చిన తెలుగు విశ్వాసులు కొందరు దానిమీదకెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. అప్పటికి అమెరికాలో వాళ్ల సంఘం వాళ్లు ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని తర్జనభర్జన పడుతున్నారు. ఆ మనిషి, క్లౌ దొర, ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు! మా అబ్బాయి పార్శిల్ రెండు రోజులు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తాడు.

అసలు సంగతి తర్వాతది. 1876-78 కరువు తెలుసుగా. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. ఆయన ఇవ్వలేదు. కరువు తీరాక రండి, అప్పటికీ మనసుంటే చూద్దాం అన్నట్టు నెలల తరబడి ఆపేశాడు. తీరాక వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. అందరూ ఆ అంకె చెప్పుకుని మురుస్తారు. అన్నం కోసం మతంలో కలిశారని ఎకసెక్కమాడేవాళ్లూ ఆడతారు. నన్నడిగితే ఆయన వద్దన్న ఆ నెలలే గొప్ప. చుట్టూ ఆకలి ఉండగా, వస్తామన్నవాళ్లని ఆగమనడం ఎంత కష్టం!

ఇంతకీ వదినా, నేను గోడ దగ్గరకొచ్చింది ఇవన్నీ చెప్పడానికి కాదు. మీరు పశ్చాత్తాపం అంటారే, మా బైబిల్లో దాన్ని మారుమనస్సు అంటారు. ఏడిస్తే సరిపోదు, మనసు మారాలి. మొన్న పాస్టరుగారు దాని గురించే చెబుతుంటే నాకు నీ మునగచెట్టు గుర్తొచ్చింది.

పోయినేడు నువ్వు మీ అమ్మాయి పురిటికి హైదరాబాదు వెళ్లావు చూడు. ఆ కొమ్మ మా దండెం మీదకి వాలింది. ఆరేసిన బట్టల నిండా గొంగళిపురుగులు. ఒకరోజు ఒళ్లు మండి, రెండొందలిచ్చి కొట్టించేశాను. నువ్వొచ్చి అడిగితే గాలికి విరిగిందన్నాను. అది నేనే వదినా.

నవ్వుతావేం? "గాలికి విరిగితే చీలిపోతుంది గానీ, అంత నున్నగా తెగుతుందా పిచ్చిదానా? ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా" అంటావా! అంటే ఏడాది నుంచీ తెలిసే, వారం వారం ములక్కాడలు గోడ మీద పెడుతున్నావా? నేనేమో సాంబారులో వేసుకుని ఏమీ ఎరగనట్టు తింటున్నాను. సిగ్గేస్తోంది, అటు తిరుగు. కొట్టిన చోట మళ్లీ మూడు కొమ్మలు వేసింది, ఎప్పుడన్నా పైకి చూశావా? పోయినేటి కంటే పూత ఎక్కువే ఉంది.

సరే, పొయ్యిమీద పప్పు మాడుతోంది. ఈస్టర్ నాడు నాలుగున్నరకే సమాధుల దగ్గరికి బయల్దేరతాం, గేటు చప్పుడైతే దొంగలనుకోకు. మా అత్తగారి సమాధి మీదకి నీ నందివర్ధనాలు కాసిని కోసుకుంటాను. ఈసారి ముందే అడుగుతున్నాను.